సోమవారం సెల్ఫ్ తీసుకోదు, ఎండలో ఇంజను అందుకోదు: పంపు మార్పించాలా, కారే అమ్మేయాలా?

పల్నాడు ప్రాంతం నుంచి ఒక టీచరుగారు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆవిడ దగ్గరున్నది 2014 మోడల్ చిన్న పెట్రోలు కారు. నాన్నగారిది. ఆయన పోయి ఏడాదిన్నర అయింది. బడి ఏడు కిలోమీటర్ల దూరం, రోజూ అందులోనే వెళ్లొస్తారు.

కారు ఏ పూట స్టార్టవుతుందో, ఏ పూట మొండికేస్తుందో తెలియడం లేదు. కొన్నాళ్లు పొద్దున్నే తాళం తిప్పితే టకటకమని చప్పుడు, డ్యాష్‌బోర్డు లైట్లు మసకబారడం, అంతే. పక్కింటి కుర్రాళ్లు తోస్తే అందుకుంటుంది. దసరా సెలవుల తర్వాతైతే తోసినా అందుకోలేదు, బ్యాటరీ విప్పి షాపులో చార్జింగ్ పెట్టించాల్సి వచ్చింది. ఇదిగాక అప్పుడప్పుడూ మధ్యాహ్నం ఎండలో, బంకులో పెట్రోలు కొట్టించాకో, కూరగాయలకి ఆగి వచ్చాకో, సెల్ఫ్ గిర్రున తిరుగుతుంది గానీ ఇంజను అందుకోదు. అరగంట ఆగితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది.

ఎనిమిది నెలల కిందట ఒకరు 4,600 తీసుకుని కొత్త బ్యాటరీ వేశారు. నాన్నగారి రోజుల నుంచీ కారు చూస్తున్న ఊళ్లో మెకానిక్, ఆవిడ బాబాయ్ అని పిలిచే పెద్దాయన, సెల్ఫ్ మోటారు విప్పి బ్రష్షులు మార్చారు. మూడు వారాలు బాగుంది, మళ్లీ మొదలు. టౌనులో మూడో ఆయన "ఫ్యూయల్ పంపు పోయింది, తొమ్మిది వేలవుతుంది" అన్నాడు. ఎలా తెలిసిందని అడగబోతే "సార్‌ని పంపండి మేడమ్, చెప్తాను" అన్నాడు. భర్తేమో అమ్మేసి స్కూటర్ కొనుక్కోమంటారు. హైదరాబాదులో ఉన్న అన్నయ్య నాన్న గుర్తు, అమ్మొద్దంటాడు గానీ రిపేరు ఖర్చు ఊసెత్తడు. బాబాయ్‌ని కాదని వేరే చోటికి వెళ్తే ఆయన నొచ్చుకుంటారని ఇంకో బెంగ. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్లే ఇదంతా అని స్టాఫ్‌రూములో ఒకరన్నారట. పంపు మార్పించనా, అమ్మేయనా, ఇంకో మెకానిక్‌ని వెతకనా అన్నది ఆవిడ ప్రశ్న.

టీచరు గారూ,

మీ ఉత్తరం మొత్తంలో నాకు బాగా పనికొచ్చిన వాక్యం మూడో పేజీలో బ్రాకెట్ల మధ్య ఉంది: "ముఖ్యంగా రెండో శనివారం తర్వాత వచ్చే సోమవారం నరకం." ఈ మాట ఆ ముగ్గురిలో ఎవరికైనా చెప్పారా? వాళ్లు అడిగి ఉండరు, మీకూ అది చెప్పదగ్గ సంగతి అనిపించి ఉండదు. మామూలు సోమవారాల్లో ముక్కుతూ మూలుగుతూ స్టార్టవుతుందనీ, మంగళ, బుధవారాల్లో పేచీ ఉండదనీ కూడా రాశారు. మీ కారు ఇంచుమించు సెలవుల క్యాలెండరు ప్రకారం పాడవుతోంది.

అంతకంటే ముందు ఒకటి విడదీసుకుందాం. "స్టార్ట్ అవ్వట్లేదు" అని మీరు చెప్పేది ఒకటే మాటగానీ మీ కారులో లోపాలు రెండున్నాయి. సెల్ఫే తిరగకపోవడం ఒకటి. సెల్ఫ్ బాగా తిరిగి ఇంజను అందుకోకపోవడం ఇంకొకటి. మొదటిది కరెంటు తక్కువైన లక్షణం. రెండోదాంట్లో బ్యాటరీకి సంబంధమే లేదు. పెట్రోలు అందడం లేదు, లేదా స్పార్కు రావడం లేదు, లేదా కారు బుర్రకి ఇంజను తిరుగుతున్న సంగతే తెలియడం లేదు. బ్యాటరీ వేసినాయన, బాబాయ్ మొదటిదాన్ని చూశారు, టౌనాయన రెండోదాన్ని. ముగ్గురూ తాము చూసినదే మొత్తం సమస్య అనుకున్నారు. ఏ రిపేరు చేయించినా ఇంకో లోపం మిగిలే ఉంటుంది కాబట్టి మీకు ఏదీ పనిచేయలేదనిపించింది.

ముందు సోమవారం సంగతి. ఆపి తాళం తీసేశాక కూడా ఏ కారైనా కొంచెం కరెంటు తాగుతుంది. గడియారం, రిమోట్ లాకు, ఇంజను కంప్యూటరు జ్ఞాపకం, వీటన్నిటికీ కలిపి 50 మిల్లీఆంపియర్ల లోపు అయితే ఫరవాలేదు. మీ కారులో అది, మాటవరసకి, 300 ఉందనుకోండి. చిన్న కార్లకి సాధారణంగా 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉంటుంది, అంటే ఒక ఆంపియర్ చొప్పున 35 గంటలు ఇవ్వగలది. రాత్రికి రాత్రి పోయేది నాలుగైదు ఆంపియర్-అవర్లు, బడికి వెళ్లి రావడంలో అది దాదాపు పూడుతుంది. శనివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటికి పన్నెండు దాకా పోతుంది, మూడో వంతు. రెండో శనివారం కలిసొస్తే శుక్రవారం సాయంత్రం ఐదు నుంచి సోమవారం ఎనిమిది దాకా 63 గంటలు, దాదాపు 19, అంటే సగానికి పైనే. సగం దిగిన బ్యాటరీ డ్యాష్‌బోర్డు లైట్లు వెలిగిస్తుంది గానీ సెల్ఫ్‌ని తిప్పలేదు. తిప్పబోయి వోల్టేజీ పడిపోతుంది, సెల్ఫ్‌కి కరెంటు కలిపే స్విచ్చు, అంటే రిలే, ఊడుతుంది, మళ్లీ పట్టుకుంటుంది, మళ్లీ ఊడుతుంది. మీరు విన్న టకటక అదే. సెల్ఫ్ మోటారే పాడైతే సాధారణంగా ఒక్కసారి టక్కుమని ఊరుకుంటుంది, హెడ్‌లైట్లు మాత్రం దేదీప్యమానంగా వెలుగుతుంటాయి.

దసరా తర్వాత తోసినా ఎందుకు అందుకోలేదో కూడా దీంతోనే తేలుతుంది. తోయడం సెల్ఫ్ చేసే పనికి మాత్రమే బదులు. ఇంజెక్షన్ బండిలో పెట్రోలు పంపుకీ, కంప్యూటరుకీ, స్పార్కుకీ బ్యాటరీలో ఎంతోకొంత మిగలాలి. పది రోజులకి ఏమీ మిగల్లేదు.

కాబట్టి కుళాయి కారుతుంటే కొత్త ట్యాంకు పెట్టించినట్టయింది మీ 4,600. బాబాయ్ రిపేరు మూడు వారాలు నిలబడిందన్నారు కదా, ఆ మూడు వారాల్లో రెండో శనివారం వచ్చిందేమో క్యాలెండరు తీసి చూడండి. పైగా సెల్ఫ్ విప్పేముందు ఎవరైనా బ్యాటరీ వైరు పీకుతారు, బిగించేటప్పుడు టెర్మినల్ గీకుతారు. సగం గుణం అక్కడే కనిపిస్తుంది. అలాగని ఆయన్ని తప్పుపట్టక్కర్లేదు. పదేళ్ల బండికి బ్రష్షులు ఎలాగూ అరిగే ఉంటాయి.

ఏది తాగుతోంది మరి? మీ ఉత్తరమే అనుమానితుణ్ణి చూపించింది. నాన్నగారికి పాత పాటలంటే ప్రాణమనీ, డిక్కీలో ఆంప్లిఫయరు, పెద్ద స్పీకరు పెట్టించారనీ రాశారు. బయట షాపుల్లో వేసే ఆంప్లిఫయర్లలో "ఆన్" అని చెప్పే సన్నటి వైరు ఒకటుంటుంది. అది మ్యూజిక్ సిస్టమ్ నుంచి రావాలి. తొందరపడే ఎలక్ట్రీషియన్ దాన్ని నేరుగా బ్యాటరీ వైరుకి తగిలిస్తాడు, పాట లేకపోయినా రాత్రంతా మేలుకునే ఉంటుంది. రేపు తెల్లవారుజామున, చల్లగా ఉన్నప్పుడే, డిక్కీ తీసి ఆ పెట్టె మీద చెయ్యి పెట్టి చూడండి. పక్కనున్న ఇనుమంతా చల్లగా ఉండి అదొక్కటీ గోరువెచ్చగా తగిలితే దొంగ దొరికినట్టే. దాన్ని పీకి పారేయనక్కర్లేదు, తాళం తిప్పితేనే కరెంటు వచ్చేలా ఆ ఒక్క వైరూ మార్పిస్తే చాలు. అది చల్లగా ఉంటే డిక్కీ లైటు, తర్వాత బిగించిన అలారం, అంటుకుపోయిన రిలే, బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటరులో డయోడు, ఇలా వరసగా వెతకాలి. అది ఆటో ఎలక్ట్రీషియన్ పని. మీటరు పెట్టి ఒక్కో ఫ్యూజూ పీకుతూ పోతే ఏ ఫ్యూజు దగ్గర రీడింగు పడిపోతుందో ఆ లైన్లోనే ఉంటుంది.

షాపుకి వెళ్లేముందు మీరే చేయగలిగిన పరీక్ష ఒకటుంది, ఖర్చు లేనిది. వచ్చే రెండో శనివారం ముందు రోజు సాయంత్రం, బడి నుంచి వచ్చి కారు ఆపాక, పది నంబరు స్పానరుతో బ్యాటరీ మైనస్ వైరు, నల్లది, విప్పి పక్కకి పెట్టండి. ప్లస్ జోలికి వెళ్లొద్దు, స్పానరు బాడీకి తగిలితే నిప్పులు రాలతాయి. రిమోటు పనిచేయదు కాబట్టి తలుపు తాళంచెవితో వేసుకోవాలి. సోమవారం పొద్దున్న మళ్లీ బిగించండి. అలారం ఒక్కసారి కుయ్యోమనొచ్చు, కంగారుపడకండి. గడియారం సరిచేసుకోవాలి, అయిదు నిమిషాలు ఇంజను కాస్త ఎగుడుదిగుడుగా తిరగొచ్చు. ఠంచనుగా స్టార్టయిందా, కరెంటు కారుతున్నట్టు ఖాయం. అప్పటికీ టకటకే అంటే బ్యాటరీయో, దాని వైర్లో. ఎనిమిది నెలలదే కదా అనుకోకండి. ఇలా నెలనెలా అడుగంటిన బ్యాటరీ కొత్తదైనా లోపల సగం చచ్చే ఉంటుంది, పైగా మీవి రెంటచింతల పక్క ఎండలు. కొన్న షాపుకే వారంటీ కార్డుతో వెళ్లి లోడ్ టెస్టు, అంటే భారం పెట్టి బ్యాటరీ నిలబడుతుందో లేదో చూసే పరీక్ష, పెట్టమనండి. టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో పొడి కట్టి ఉంటే వేడినీళ్లలో వంటసోడా వేసి కడిగించండి. బ్యాటరీ నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజనుకి వెళ్లే ఎర్త్ వైరు బోల్టులు కూడా విప్పి గీకించండి. ఈ పని బాబాయ్‌కి కొట్టిన పిండి.

ఇక మధ్యాహ్నం గొడవ. ఇది సోమవారం దానంత తేలిగ్గా తేలదు, అయినా మీరు మూడు సంగతులు గమనిస్తే చాలా మటుకు దారికొస్తుంది. ఈసారి ఎండలో సెల్ఫ్ తిరిగి ఇంజను అందుకోకపోతే అదే పనిగా సెల్ఫ్ కొట్టకండి, అలా కొడితే బ్యాటరీ కూడా దిగి రెండు లోపాలూ ఒక్కటైపోతాయి. బంకులో అయితే కారు పక్కకి తోయించాక చూడండి.

మొదట అద్దాలు ఎత్తి, ఏసీ, పాటలు ఆపి, తాళం "ఆన్" దాకా తిప్పి ఆగండి. వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లు జుమ్మని సన్నటి చప్పుడు రావాలి, అది పంపు. చప్పుడే లేకపోతే పంపో, దాని రిలేనో. చప్పుడు వస్తుంటే తాళం రెండు మూడుసార్లు ఆన్ చేసి, ఆపి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి. అందుకుంటే లైన్లో ప్రెషరు నిలబడటం లేదని అర్థం, అనుమానం పంపు వైపే. ఇదీ కుదరకపోతే యాక్సిలేటరు పూర్తిగా నేలకి తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి. చాలా ఇంజెక్షన్ కార్లలో అలా తొక్కితే ఇంజెక్టర్లు పెట్రోలు ఆపేస్తాయి. అప్పుడు అందుకుంటే పెట్రోలు తక్కువై కాదు, ఎక్కువై ఇబ్బంది. ట్యాంకులో ఆవిర్లను ఇంజనుకి వదిలే చిన్న వాల్వు ఒకటుంటుంది, పర్జ్ వాల్వు అంటారు. అది తెరుచుకుని ఉండిపోతే పెట్రోలు కొట్టించిన వెంటనే స్టార్ట్ చేసినప్పుడే మొరాయిస్తుంది. అది పంపు ధర ఉండదు. ట్యాంకు నిండి గన్ను కట్టయ్యాక కూడా "రౌండ్ ఫిగర్ చేద్దాం మేడమ్" అని బంకు కుర్రాడు కూరితే ట్యాంకు ఆవిర్లని పట్టి ఉంచే డబ్బాలోకి పెట్రోలే దిగుతుంది, అదీ మంచిది కాదు.

ఈ రెండు ఉపాయాలకీ లొంగక, అరగంట చల్లారాక మాత్రం చెప్పినట్టు స్టార్టయితే నా అనుమానం క్రాంక్ సెన్సరు మీద. ఇంజను తిరుగుతోందని కంప్యూటరుకి చెప్పేది అదే. లోపల తీగచుట్ట పాతబడితే వేడికి తెగి, చల్లారితే కలుస్తుంది. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు కొంచెమైనా లేస్తోందా, సున్నా దగ్గరే పడుకుందా చూడండి. ఈ గుర్తు అన్ని కార్లలో కనిపించదు, కనిపిస్తే మాత్రం గట్టి సాక్ష్యం. తాళంచెవి బొమ్మ లైటు మిణుకుమంటుంటే అది దొంగతనం కాపలా సిస్టమ్ తాళాన్ని గుర్తుపట్టకపోవడం. రెండో తాళంచెవితో ప్రయత్నించండి. ఎవరైనా సాయానికొచ్చి ఎయిర్ ఫిల్టరు విప్పి పెట్రోలు చల్లుదామంటే దండం పెట్టి వద్దనండి. వేడి ఇంజను మీద అది మంట పెట్టుకోవడమే.

మరి టౌనాయన చెప్పింది అబద్ధమా? కాకపోవచ్చు కూడా. రిజర్వు లైటు వెలిగాకే ఐదొందలకి కొట్టిస్తానని రాశారు. ట్యాంకులో మునిగి ఉండే పంపుని చల్లబరిచేది ఆ పెట్రోలే. ఎప్పుడూ అడుగునే ఉంటే పంపు వేడెక్కి ముందే అలసిపోతుంది. ఆయన ఊహ సరైనదే కావచ్చు, ఊహకి తొమ్మిది వేలు ఇవ్వడమా అన్నదే ప్రశ్న. పంపు ప్రెషరు కొలిచే గేజి ఉంటుంది, చాలా పెట్రోలు కార్లలో 3 నుంచి 4 బార్ల మధ్య చూపించాలి. స్టీరింగు కింద ఓబీడీ సాకెట్ ఉంటుంది, స్కానర్ పెడితే కంప్యూటరు రాసుకున్న తప్పులు చూపిస్తుంది. పీ0335 అని వస్తే క్రాంక్ సెన్సరు లైను. ఈ రెండూ చూడకుండా పంపు వేయించుకుంటే మూడు దారులున్నాయి. పంపే అయితే బాగుపడుతుంది. సెన్సరు అయితే తొమ్మిది వేలు పోయి వచ్చే వేసవికి మళ్లీ బంకు దగ్గర నిలబడతారు. పంపు బాగై సోమవారం గొడవ మాత్రం అలాగే ఉంటుంది, అప్పుడు ఇంట్లో "చెప్పానా, అమ్మేయమని" అనే మాట ఇంకా గట్టిగా వినబడుతుంది.

ఇథనాల్ సంగతి రెండు ముక్కల్లో. పాత బండ్లలో రబ్బరు పైపులు, సీళ్ల మీద దాని ప్రభావం ఉండొచ్చు, మైలేజీ కొంత తగ్గుతుంది. బ్యాటరీని మాత్రం అది తాగదు, రెండో శనివారం ఎప్పుడో దానికి తెలియదు.

"సార్‌ని పంపండి" అన్నాయన దగ్గరికి మళ్లీ వెళ్లాలా వద్దా మీ ఇష్టం. వెళ్తే ఈసారి ఒక కాగితం పట్టుకెళ్లండి. ఏ రోజు, ఎంతసేపు ఆగి ఉంది, ఇంజను చల్లగా ఉందా వేడిగా ఉందా, సెల్ఫ్ తిరిగిందా లేదా, పంపు చప్పుడు వచ్చిందా, ఏం చేస్తే అందుకుంది. ఆ టకటకని ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి. "ప్రెషరు ఎంతొచ్చింది, స్కానర్‌లో ఏం కోడ్ వచ్చింది?" అని రెండే అడగండి. జవాబు చెప్పేవాడైతే పని తెలిసినవాడు. మళ్లీ సార్ కావాలంటే ఆ షాపుకి సారూ వెళ్లక్కర్లేదు. మార్చిన పాత పంపు మీకే ఇవ్వమని ముందే చెప్పడం కూడా మర్యాద తక్కువేం కాదు.

బాబాయ్ విషయంలో మీ బెంగ అర్థమైంది. ఆయన దగ్గర స్కానర్ లేదు, ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఆయన్ని దాటి వెళ్లడం కంటే ఆయనతోనే అనొచ్చు: "బాబాయ్, కంప్యూటరు పెట్టి చూసేవాళ్లు మీకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా? చూపించి మళ్లీ మీ దగ్గరికే తెస్తా." టౌనులో ఏ కుర్రాడు బాగా చూస్తాడో ఇలాంటివాళ్లకే బాగా తెలుస్తుంది. కోడ్ తెలిశాక సెన్సరు మార్చడం ఆయన చేయగలరు. అయినా నొచ్చుకుంటే నాలుగు రోజులు నొచ్చుకుంటారు, కారు ఆయన షెడ్డు ముందు నుంచే రోజూ వెళ్తుంది కదా.

అమ్మడం గురించి. మీవారి మాటని కారు మీద కోపంగా తీసుకోకండి. పొద్దున్నే పక్కింటి కుర్రాళ్లని బతిమాలడం ఆయనకీ చూడబుద్ధి కాదు. ఖర్చు చిన్నదేననీ, కారు నిలకడగా నడుస్తుందనీ తేలితే ఆయన వాదన సగం తగ్గుతుంది. తేలాక కూడా స్కూటరే నయమనిపిస్తే అమ్మండి, ఏడు కిలోమీటర్లకి స్కూటరు సరిపోతుంది, వానల్లో, మే నెల ఎండలో మాత్రం తేడా తెలుస్తుంది. లోపం తేల్చి అమ్మితే వచ్చే ధర వేరు. తోస్తే గానీ కదలని కారుకి బేరగాడు చెప్పే ధర తుక్కు ధరే. మరో లెక్క, సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, మీది 2029 దాకా ఉంటుంది, తర్వాత ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఉంచుకుంటే అన్నయ్యగారిని ఒక మాట అడగడంలో తప్పు లేదు: గుర్తు ఇద్దరిదీ అయినప్పుడు స్కానర్ ఖర్చులో సగం ఎందుకు కాకూడదు?

చివరి పేజీలో "ఆర్‌సీ ఇంకా నాన్న పేరు మీదే ఉంది" అని మామూలుగా రాసేశారు. స్టార్టింగు కన్నా నన్ను ఎక్కువ కంగారుపెట్టింది అది. యజమాని పోతే 30 రోజుల్లో ఆర్టీఓకి తెలియజేయాలి, మూడు నెలల్లో వారసుల పేరు మీదకి మార్చమని ఫారం 31తో దరఖాస్తు చేయాలి. ఇన్సూరెన్సు పాలసీ కూడా యజమాని పోయిన తర్వాత మూడు నెలల దాకానో, గడువు తీరేదాకానో, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. ఆయన పేరు మీదే రెన్యువల్ చేయించుకుంటూ వస్తున్నారేమో చూసుకోండి, రేపు ఏదైనా జరిగితే కంపెనీ ముందు పట్టుకునేది దాన్నే. ఉంచుకున్నా అమ్మినా ఈ పని తప్పదు, ఆలస్యానికి రుసుము పడితే పడనివ్వండి. మరణ ధ్రువపత్రం, వారసుల పత్రం కావాలి. అమ్మగారు, అన్నయ్యగారు అభ్యంతరం లేదని రాసిచ్చే కాగితం కూడా అడుగుతారు. అన్నయ్యగారు సంక్రాంతికి ఊరికొచ్చినప్పుడు సంతకం పెట్టించుకోండి, సగం ఖర్చు మాట కూడా అప్పుడే ఎత్తొచ్చు.